పాపకు రంగు తేలిందనుకున్నాం

ఏదో తేడాగా ఉందని నాకు మొదట అనిపించిన రోజు మా ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. పాప పుట్టి మూడో రోజు. నర్సింగ్ హోమ్ నుంచి అంతకు ముందు రోజే డిశ్చార్జి చేశారు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక సందులో మా అమ్మ వాళ్ల ఇల్లు. అమ్మ పాపకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, నాయన పాత పంచె ముక్కలో చుట్టి నా పక్కన పడుకోబెట్టింది. కాసేపు అట్లాగే చూస్తూ నిలబడి, "చూడవే దేవీ, పిల్ల రంగు తేలతాంది" అంది.

ఈ రంగు గొడవేమిటో ముందు చెప్పాలి. నేను నలుపు. మా ఆయన శ్రీను నాకంటే నలుపు. ఇంక మాకు పుట్టిన పిల్ల ఏ రంగులో ఉంటుంది? అయినా పాప పుట్టిన రోజే మా అత్త నిట్టూర్పు మొదలుపెట్టింది. హనుమంతునిపాడు పక్క పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, పిల్లను చేతుల్లోకి తీసుకుని, మొట్టమొదట అన్న మాట, "ఆడపిల్లకు ఈ రంగేంది వదినా?" పోతూ పోతూ మా అమ్మకు సలహా కూడా ఇచ్చింది. "చర్మం లేతగా ఉన్నప్పుడే నలుగు బాగా పెట్టాల. ముదిరినాక పెడితే ఏం లాభం?"

మా అమ్మకు పౌరుషం వచ్చింది. చంటిపిల్లలకు నీళ్లు పోయడంలో మా వీధిలో ఆమెకు పేరు. కాళ్లు చాపుకుని పిల్లను కాళ్ల మీద వేసుకుందంటే ఎంత ఏడ్చే పిల్లయినా ఊరుకోవాల్సిందే. అట్లాంటి మనిషి తన సొంత మనవరాలి దగ్గర ఓడిపోతుందా? శనగపిండి, మీగడ, పసుపు కలిపి ఆ చిన్న ఒంటికి ఆప్యాయంగా రుద్దింది. నా గది కిటికీకి చలిగాలి రాకుండా గోనెపట్టా కట్టింది. లోపల జీరో బల్బు వెలుగు ఒక్కటే. ఆ వెలుగులో పసుపు రాసిన ఏ పిల్లయినా బంగారు బొమ్మలాగే ఉంటుంది.

నాకు తేడా అనిపించింది రంగు విషయంలో కాదు, పాల విషయంలో. పాలు నిండి రొమ్ములు రాళ్లవుతున్నాయి. పాప రెండు గుక్కలు తాగి నిద్రలోకి జారిపోతోంది. చెవి నలిపినా, అరికాలు గిల్లినా మూలిగి మళ్లీ పడుకుంటోంది. నేను బెంగళూరులో గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేశాను. కుట్టు తప్పితే ముందు చేతికి తెలుస్తుంది, తర్వాతే కంటికి కనపడుతుంది. ఇదీ అట్లాగే తెలిసింది.

"పాప లేవడం లేదమ్మా" అన్నాను.

"అదృష్టం చేసుకున్నావు మే. నువ్వు పుట్టినప్పుడు ఈ సందు సందంతా నిద్ర లేకుండా చేసినావు" అని అమ్మ నవ్వింది.

మర్నాడు శ్రీను వీడియో కాల్ చేశాడు. బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు, స్లాబు పడేదాకా మేస్త్రి సెలవివ్వనన్నాడు. ఫోను పాప ముఖం దగ్గర పెట్టాను. "ఏంది దేవీ, నా బిడ్డేనా ఈమె? ఇంత పచ్చంగా ఉంది!" అని వెనక ఉన్నవాళ్లందరికీ ఫోను తిప్పి చూపించాడు. అమ్మ ఫొటో తీయమంటే తీసి మా అత్తకు కూడా పంపాను. వెంటనే ఫోను వచ్చింది. "చెప్పలా నేను? నలుగు మహిమ!" ఆ సాయంత్రమంతా మా ఇంట్లో ఆ ఫొటో గురించే మాటలు. నేనూ మురిశాను, ఎందుకు దాచాలి? నల్లపిల్లగా పెరగడమంటే ఏంటో నాకు తెలుసు. నా కూతురికి ఆ మాటలు తప్పిపోయాయి కదా అనుకున్నాను.

ఆ తర్వాతి ఉదయం సువార్త మేడం వచ్చింది.

ఆమెది గిద్దలూరు పక్కన పల్లె. నర్సింగ్ చదివి, వేరే దేశంలో చాలా ఏళ్లు పనిచేసింది. అక్కడ నల్లజాతి వాళ్లు, పొట్టకూటికి వలస వచ్చినవాళ్లు ఉండే పేటల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పరిశోధన చేసింది. తిరిగొచ్చాక ఇక్కడ మా లాంటి వాళ్ల మీద చేస్తోంది. అంటే కురిచేడు, వెలిగండ్ల, హనుమంతునిపాడు పక్కనుంచి పనులకు బెంగళూరు, హైదరాబాదు పోయి, కాన్పుకు మాత్రం పుట్టింటికి వచ్చేవాళ్ల మీద. నర్సింగ్ హోమ్‌లో నన్ను కలిసి, ఇంటికి రావచ్చా అని అడిగితే సరే అన్నాను. మా లాంటి వాళ్ల ఇంటికి ఇంకెవరూ రారు. చెకప్‌లన్నీ బెంగళూరులో చేయించుకున్నాను కాబట్టి ఇక్కడి ఆశా అక్కకు నేను ఉన్నట్టే తెలియదు. అక్కడ అడిగితే ఊరికి పోయిందంటారు, ఇక్కడ అడిగితే బెంగళూరు పిల్ల అంటారు.

మా అమ్మ ఆమెను గడప దాటనివ్వలేదు. "పురుటిల్లమ్మా ఇది. పదకొండో దినం స్నానమైనాక రా తల్లీ, నీకు పుణ్యముంటాది" అంది.

"లోపలికి రాను పెద్దమ్మా. ఇక్కడ అరుగు మీద కూర్చుని రెండు మాటలు అడిగి పోతా" అని మేడం కూర్చుంది. నేను గదిలోంచి అంతా వింటున్నాను.

"పాప పాలు బాగా తాగతాందా?"

"ఆమెకు పాల మీద ఆశే లేదమ్మా. లేపి పట్టాల."

"లేపితే లేస్తాందా?"

"యాడ లేస్తాది! బంగారు తల్లి, ఏడుపనేదే లేదు. రంగు కూడా ఎట్ల తేలిందనుకున్నావు! పుట్టినప్పుడు బొగ్గు మాదిరుండె."

మేడం లేచింది. చెప్పుల చప్పుడైంది. గడప దాటి నేరుగా నా గదిలోకి వచ్చింది. "యాడికమ్మా, యాడికి!" అంటూ అమ్మ వెనకాలే వస్తోంది. మేడం పాపను నా పక్కలోంచి ఎత్తుకుని వాకిట్లోకి నడిచింది. నేను కుట్ల నొప్పితో గోడ పట్టుకుంటూ వెనక పోయాను.

ఎండలో పాప ఇంకా పచ్చగా ఉంది. మేడం తడిగుడ్డతో నుదురు తుడిచి, వేలితో నొక్కి వదిలింది. ఛాతీ మీద నొక్కింది. తర్వాత పెదవి కిందికి లాగి చిగుళ్లు చూసింది. అరచేతులు చూసింది, అరికాళ్లు చూసింది.

"కొంచెం పసుపు ఎక్కువ రాసినాలే, రెండు స్నానాలకు పోతాది" అంది అమ్మ.

"చిగుళ్లకు నలుగు ఎవరూ పెట్టరు కదా పెద్దమ్మా" అంది మేడం. ఆ గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. "దేవీ, చీర మార్చుకునేది కూడా వద్దు. ఆటో పిలిపించు."

పిల్లల డాక్టరు చిన్న వయసు వాడు. రక్తం తీసి పంపించి, రిపోర్టు వచ్చేదాకా పాపను నీలం లైటు కింద పెట్టాడు. రిపోర్టు చూసి నన్ను కాదు, మేడంను చూశాడు. "సీరం బిలిరుబిన్ ట్వంటీ ఎయిట్." తర్వాత నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "అమ్మా, నీది ఓ పాజిటివ్, పాపది బి పాజిటివ్. నీ రక్తంలోని యాంటీబాడీస్ పాప రక్తకణాల్ని విరగ్గొడుతున్నాయి. బిలిరుబిన్ అంటే కామెర్ల పచ్చదనం, అది మెదడు దాకా పోతోంది. ఎక్స్‌ఛేంజ్ ట్రాన్స్‌ఫ్యూజన్ చెయ్యాలి, అది ఇక్కడ కుదరదు. ఒంగోలు వెళ్లిపోండి, ఆలస్యం చెయ్యకండి."

కొత్త జిల్లాలని మ్యాపులో గీతలు మళ్లీ గీశారు గానీ మాకు ఒంగోలు అంగుళం కూడా దగ్గర కాలేదు. అంబులెన్సులో నేను, అమ్మ, మేడం. పొదిలి దాటాక పాప ఏడ్చింది. ఇన్నాళ్లుగా ఏడవని పిల్ల ఏడ్చింది కదా అని అమ్మ ముఖం వెలిగింది. కానీ అది పసిపిల్ల ఏడుపు కాదు. సన్నగా, కీచుగా, పిల్లికూన అరిచినట్టు ఉంది. ఏడుస్తూ తలను, వీపును వెనక్కి విరిచింది. మేడం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ నిమిషంలో పాప ముఖం నాకు ఇప్పటికీ కనపడుతుంది. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తాను. చాలా అందంగా ఉంది. నా జీవితంలో అంత అందమైన పిల్లను చూడలేదు.

నాకు స్పృహ తప్పుతుందేమోనని కాబోలు, మేడం మాట్లాడుతూనే ఉంది. తను పనిచేసిన ఊళ్లో ఒక నల్లజాతి తల్లి ఉండేదట. బిడ్డ మత్తుగా ఉంటోందని ఆసుపత్రికి తెచ్చింది. బిడ్డ ఒంటి మీద పచ్చదనం కనపడలేదని వాళ్లు ఇంటికి పంపించారు. మళ్లీ తెచ్చింది, మళ్లీ పంపించారు. "మేము చదువుకున్న పుస్తకాల్లో కామెర్ల పిల్లంటే తెల్లపిల్ల బొమ్మే ఉంటాది దేవీ. నల్లచర్మం మీద అది ఎట్ల కనపడతాదో మాకెవరూ చెప్పలేదు. ఆ తల్లి మాట ఒక్కరూ వినలేదు."

"ఆ బిడ్డకు ఏమైంది?" అని అమ్మ అడిగింది.

మేడం కిటికీ వైపు చూసింది.

ఒంగోలులో పాపను లోపలికి తీసుకున్నాక మమ్మల్ని బయట కూర్చోబెట్టారు. బొడ్డులోంచి సన్నటి గొట్టం వేసి, పాప రక్తం కొంచెం కొంచెం తీస్తూ, వేరే రక్తం కొంచెం కొంచెం ఎక్కిస్తారని సిస్టర్ చెప్పింది. ఒంట్లో రక్తమంతా మార్చేస్తే ఇంక నా బిడ్డలో నాదేం మిగులుతుందని పిచ్చి ఆలోచన వచ్చింది. అమ్మ బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. ఆమె గోళ్ల కింద పసుపు ఇంకా ఉంది. పిన్నీసుతో దాన్ని తవ్వి తవ్వి తీస్తోంది. వేలు చివర నెత్తురు వచ్చినా ఆపలేదు.

"సార్, నా చేతులతో నేనే పెట్టినానయ్యా పసుపు" అని బయటికొచ్చిన డాక్టరుకు దండం పెట్టింది.

పెద్ద డాక్టరు ఓపిక గల మనిషి. "పసుపు వల్ల రాలేదమ్మా ఇది. బ్లడ్ గ్రూపుల వల్ల వచ్చింది. పసుపు దాన్ని కనపడనివ్వలేదు, అంతే" అన్నాడు. ఆ "అంతే" అన్న మాట దగ్గర అమ్మ ఏడుపు మొదలైంది.

శ్రీను బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చేసరికి పాప కళ్లకు గంతలు కట్టుకుని నీలం లైట్ల పెట్టెలో ఉంది. గాజులోంచి చూశాడు. బిలిరుబిన్ దిగుతూ వచ్చింది. పచ్చదనం పాదాల మీద మొదట పోయింది, తర్వాత పొట్ట మీద, చివరికి ముఖం మీద. కింద నుంచి పాప అసలు రంగు బయటపడింది. నల్లగా, నిగనిగలాడుతూ, అచ్చం వాళ్ల నాయన రంగు. నా బిడ్డ మళ్లీ నల్లబడిన రోజున నేను వార్డులో అందరి ముందూ పెద్దగా ఏడ్చాను. పక్క బెడ్డు ఆమె పాపకు ఏదో అయిందనుకుని కంగారుపడింది.

డిశ్చార్జి రోజు పెద్ద డాక్టరు, "ప్రాణానికి భయం లేదు. చెవులు, మెడ, నడక, ఇవి ఎట్లా ఉంటాయో ఇప్పుడే చెప్పలేను. మూడో నెలలో వినికిడి చూసే బెరా టెస్టుకు తీసుకురా" అన్నాడు.

ఆ మూడు నెలలు ఎట్లా గడిచాయో నన్ను అడగకండి. పాపకు జాహ్నవి అని పేరు పెట్టుకున్నాం, జాను అని పిలుస్తాం. పిలుస్తాం అంటున్నాను గానీ, పిలిచి ఆమె తల తిప్పుతుందా లేదా అని చూడటమే మా పని అయిపోయింది. గిన్నె కింద పడేస్తే ఉలిక్కిపడిందని నేనంటాను, లేదంటాడు శ్రీను. మా నాయన రోజూ పలక మీద సుత్తితో కొట్టి చూసేవాడు. పడుకున్న పిల్లను చూస్తే లేపేసేదాన్ని. ఇప్పటికీ లేపుతాను. ఏ ఇంట్లోనైనా చంటిపిల్ల నిద్రపోతుంటే నేను అక్కడ కూర్చోలేను.

బెరా టెస్టులో వేవ్స్ సరిగా రాలేదు. "ఆడిటరీ న్యూరోపతి. శబ్దం చెవిదాకా పోతుంది, అక్కడి నుంచి మెదడుకు చేరేటప్పుడు చెదిరిపోతుంది" అని ఆడియాలజిస్టు చెప్పింది. మెడ ఆలస్యంగా నిలిచింది. ఫిజియోథెరపీకి తిప్పీ తిప్పీ రెండేళ్లు దాటాక నడిచింది. శ్రీను బెంగళూరులోనే పనిచేస్తున్నాడు. నేను తిరిగి పోలేదు. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను.

మా అమ్మను నేను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేదేమో. ఆమె చంటిపిల్లలకు నీళ్లు పోయడం మానేసింది. ఎవరైనా పిలవడానికి వస్తే, "నా చేతులు మంచివి కావమ్మా" అని తలుపు వేసుకునేది. సువార్త మేడమే వచ్చి ఆమె దగ్గర కూర్చుంది. "పెద్దమ్మా, ఈ వీధిలో నేను చెప్తే వినరు. పురుటింట్లోకి నన్ను రానియ్యరు. నిన్ను పిలిచి తీసుకుపోతారు" అంది. అమ్మ చాలా రోజులు ఊగిసలాడింది. చివరికి మా ఎదురింటి షబానా వాళ్ల బాబుకు నీళ్లు పోయడానికి పోయింది. పిల్లవాణ్ణి వాకిట్లోకి తెచ్చి, ఉట్టి నీళ్లు పోసి, పెదవి లాగి చిగుళ్లు చూసి వచ్చింది. వచ్చి, మంచం మీద పడుకుని, చీర కొంగు ముఖం మీద వేసుకుంది. కదిలించలేదు నేను.

శ్రీను వీడియో కాల్ రోజున నేను తీసిన ఆ ఫొటోను చెరిపేయలేకపోయాను. మేడం దాన్ని క్లాసులో చూపించడానికి అడిగితే ఇచ్చాను. నర్సింగ్ పిల్లలకు ఏమీ చెప్పకుండా ఫొటో చూపించి, పాప ఎట్లా ఉందని అడుగుతుందట. అందరూ, "ముద్దుగా ఉంది మేడం" అంటారట. అప్పుడు అసలు సంగతి చెప్తుందట.

ఇప్పుడు జానుకు మూడేళ్లు. రెండు చెవులకూ మెషిన్లు. స్పీచ్ థెరపీకి ఒంగోలు తీసుకుపోతాను. కొన్ని మాటలు వచ్చాయి, మాకు అర్థమవుతాయి, బయటివాళ్లకు కావు. మా అమ్మ కోప్పడటం మొదలుపెట్టగానే మెషిన్లు రెండూ ఊడదీసి ఆమె చేతిలోనే పెడుతుంది. అప్పుడు మా అమ్మ నవ్వుతుంది. ఆమె నవ్వేది ఆ ఒక్కప్పుడే. ముందుముందు ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ అవసరం కావచ్చంటున్నారు. ఎంతవరకు వింటుందో, బడిలో ఎట్లా నెగ్గుకొస్తుందో ఎవరూ మాట ఇవ్వడం లేదు.

మొన్న ఒక పెళ్లిలో వరసకు పిన్ని ఒకామె జాను గడ్డం పట్టుకుని, "కళగల పిల్ల. కొంచెం రంగు వచ్చి ఉంటే ఇంకేం కావాల" అంది. "ఒకసారి వచ్చిందిలే పిన్నీ. ఆ రంగు చాలు మాకు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నేను అన్నం తినకుండా లేచి వచ్చేశాను.

ఇది చదివేవాళ్లలో నల్లపిల్లల తల్లులే ఎక్కువమంది ఉంటారు. మనమంతా ఆ రంగువాళ్లమే కదా. మీకు నేను చెప్పేది ఒక్కటే. పుట్టిన మొదటి వారం రోజూ పాపను పగటి వెలుతురులోకి తీసుకురండి. ఒంటికి ఏమీ రాయకండి. చర్మాన్ని నమ్మకండి, చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు, అరచేతులు, అరికాళ్లు చూడండి. అవి పచ్చగా ఉన్నా, బిడ్డ పాలకు లేవకపోయినా, నాలుగు రోజులు ఎండ చూపిద్దామని కూర్చోకుండా ఆ రోజే బిలిరుబిన్ టెస్టు చేయించండి. పురిటిబిడ్డను వాకిట్లోకి తెస్తే దిష్టి తగులుతుందని పెద్దవాళ్లు అడ్డుపడతారు. తగలనివ్వండి. దిష్టి తగిలితే తీసేవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు.